నాలుగు బైట్ల అబద్ధం

ముంచింగిపుట్టు సంతలో, ఎండుచేపల గంపల పక్కన నిలబడి, నేను ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టాను. అందుకు నేను వాడింది నాలుగే మాటలు: "బాక్సు బాగానే ఉంది సార్."

అడిగింది కింది వరద ఆఫీసు ఇంజినీరు. ఆయన జీపు దిగి, సంతంతా వినేలా, ఎగువన వాగు కాపలా చూసే ఆ పెద్దమనిషిని నిలదీస్తున్నాడు. వారం క్రితం సంత రోజున వాగు పొంగితే ముందుగా ఎందుకు చెప్పలేదని. నాను పంపినాను బాబూ, పచ్చ దీపం ఎలిగింది, అని ఆయన అన్నదే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. ఇంజినీరు నా వైపు తిరిగి మీ బాక్సు సంగతేంటి అన్నాడు. వరద కబురు పంపే ఆ బాక్సు తయారుచేసిన కంపెనీ మనిషిని నేనే. ఆ ఉదయమే వాగు దగ్గర పరీక్షించి వచ్చాను. మీట నొక్కితే పచ్చ దీపం వెలిగింది, కింది ఆఫీసుకు కబురు చేరింది. ఉన్నదే చెప్పాను.

"విన్నావుగా. జీలుగు కల్లు తాగి పడుకుని, ఇప్పుడు పంపానంటే నమ్మాలా?" అన్నాడు ఇంజినీరు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు వినగానే నాకు ఒళ్ళు మండింది. కానీ ఏం లాభం, అందుకు కావలసిన మాట అందించింది నేనే. ఆయన కల్లు ముట్టడని నాకు తెలుసు.

ఆయన నాకు కొత్త మనిషి కాదు. మా అమ్మ అక్కడి మిషన్ బడిలో పంతులమ్మ. తొంభైల మొదట్లో, నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, వర్షాకాలంలో ఆ వాగు దాటించి నన్ను భుజాల మీద బడికి తెచ్చింది ఆయనే. ఆయనకు కొండ మీద సామలు, రాగులు, ఇంటి వెనక నాలుగు కాఫీ మొక్కలు. మావా అని పిలిచేదాన్ని. ఆయనకు నేను పంతులమ్మ గారి గుంటని, అంటే ఆమె పిల్లని. తర్వాత విశాఖపట్నం వెళ్ళి ఇంజినీరింగ్ చదివాను. కొండ ప్రాంతం నుంచి వచ్చానని అక్కడ నాకు పెట్టిన పేరు ఏజెన్సీ. పేరు పెట్టి పిలవడం కూడా దండగ అనుకున్నారు కాబోలు. సి అనే కంప్యూటర్ భాష మిగతావాళ్ళకంటే బాగా నేర్చుకున్నది ఆ కసితోనే అని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఉద్యోగం మిఠాయి కొట్టు పైన రెండు గదుల కంపెనీలో దొరికింది. రెండు వేల ఆరో, ఏడో. కొండవాగుల వరద గురించి ముందే చెప్పే బాక్సులు చేసే పని వచ్చింది. ఎగువన ఒక కాపలా మనిషి ఉంటాడు. వాగులో పాతిన స్తంభం మీద నీరు ఏ అంకె దాకా వచ్చిందో చూసి, అదే అంకె బాక్సు మీద నొక్కుతాడు. బాక్సు దాన్ని రేడియోలో దిగువ ఆఫీసుకు పంపుతుంది. నీరు ఎర్రగీత దాటితే అక్కడివాళ్ళు సైరన్ మోగించి, సంతకు వెళ్ళేవాళ్ళను రేవు దాటకుండా ఆపుతారు. కబురు వెళ్ళిందంటే పచ్చ దీపం. వెళ్ళకపోతే ఎర్ర దీపం, మళ్ళీ నొక్కాలి. అక్షరం రాని మనిషికి కూడా తెలిసేలా ఉండాలని ఆ దీపాలు పెట్టించింది నేనే. కాపలాకు మావని పెట్టమని చెప్పింది కూడా నేనే.

ఆ సంత రోజున పొద్దున్నే వాన పట్టుకుంది. సైరన్ మోగలేదు. కావిళ్ళతో జనం రేవు మధ్యలో ఉండగా నీరు వచ్చి పడింది. ప్రాణాలు దక్కాయి. కావిళ్ళు కొట్టుకుపోయాయి, ఒకామె కాలు రెండు బండల మధ్య ఇరుక్కుని విరిగింది. దిగువ ఆఫీసు కాగితాల్లో ఆ పూట ఎగువ నుంచి ఒక్క కబురూ లేదు. ఆ తర్వాత సంతకే ఇంజినీరు జీపు వేసుకుని వచ్చాడు.

ఆయన వెళ్ళిపోయాక మావ నన్ను తన గుడిసెకు తీసుకెళ్ళాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చూరులోంచి, అడవిలో పెరిగే అడ్డ తీగ నారతో పేనిన తాడు తీసి నా ఒళ్ళో పడేశాడు. పొడుగునా ముడులు.

"మీట నొక్కినాను. పచ్చ దీపం ఎలిగితే ఒక ముడి. ఎలక్కపోతే ముడి నేదు. వాన దినం అయితే ఎర్ర గుడ్డపీలిక కట్టినాను. నువ్వే లెక్కెట్టుకో" అన్నాడు.

కొండ మీద పనిదినాలు, ఇవ్వాల్సిన రోజులు, ఎవరింటికి ఎవరు ఎన్ని రోజులు దుక్కికి వెళ్ళారన్నవి అలాగే ముడులు వేసి గుర్తుపెట్టుకుంటారు. నా చిన్నప్పుడు ప్రతి ఇంటి చూరులోనూ అలాంటి తాడు వేలాడేది. అయిన పనికే ముడి పడుతుంది. కాని పనికి ముడి వేస్తే ఊళ్ళో ఆ మనిషి మాటకు విలువ ఉండదు. నేను దిగువ ఆఫీసు పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పొడి రోజుల్లో ముడులకీ పుస్తకానికీ ఒక్క తేడా లేదు. వాన రోజుల్లో పొద్దుటి ముడి పుస్తకంలో ఉంది, వాన ముదిరాక వేసినవి ఒక్కటీ లేవు. వరద రోజున గుడ్డపీలిక దగ్గర పదకొండు ముడులు. పుస్తకంలో సున్నా.

తాగి పడుకున్న మనిషి అంత పద్ధతిగా వానల్లోనే అబద్ధాలాడడు. ఈ మాట ఇంజినీరుకు ఫోన్లో చెప్పాను. ముడులు ఎవడైనా వేస్తాడమ్మా, అన్నాడాయన. మా కంపెనీ సార్‌కి చెప్పాను. బాక్సు బాగుందని నువ్వే అన్నావు కదా, ఇంకా ఎందుకు కెలుకుతావు, బేగి కిందికి వచ్చేయి, అన్నాడు. నేను సెలవు చీటీ పంపి, కంపెనీకి చెప్పకుండా అదనపు బాక్సు తీసుకుని మా అమ్మ ఇంట్లో కూర్చున్నాను.

ఇక్కడ కొంచెం సాంకేతికం చెప్పక తప్పదు. ఏ ప్రోగ్రామూ తనంత తాను రేడియోను తాకలేదు. యంత్రం మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రామ్‌ను, అంటే కెర్నెల్‌ను అడగాలి. ఈ నాలుగు బైట్లు పంపిపెట్టు అని. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. మధ్యలో కబురు మోసేది సి లైబ్రరీ. మేం రాసిన మాటను కెర్నెల్‌కు అర్థమయ్యేలా ప్రాసెసర్‌లోని చిన్న చిన్న అరల్లో సర్ది పెడుతుంది, కెర్నెల్ ఇచ్చిన జవాబు తెచ్చి మాకు చెబుతుంది. మా బాక్సులో ఉన్నది ఇళ్ళల్లో, ఆఫీసుల్లో ఉండే కంప్యూటర్ల ప్రాసెసర్ కాదు. తక్కువ కరెంటు తింటుందని ఎవరూ పెద్దగా వాడని రకం తెచ్చారు. దానికి సరిపోయే చిన్న లైబ్రరీ ఒకటి నెట్‌లో ఉచితంగా దొరికింది. నేనే దించాను.

మూడు రోజులు మా అమ్మ వంటగది బల్ల మీద ఆ బాక్సుతో గొడవపడ్డాను. రేడియోను అనుమానించాను, బ్యాటరీని అనుమానించాను, తేమను అనుమానించాను. ప్రోగ్రామ్ కెర్నెల్‌ను ఏం అడిగిందో, ఏం జవాబొచ్చిందో చూపించే పనిముట్టు మామూలు కంప్యూటర్లకు ఉంటుంది. ఈ ప్రాసెసర్ మీద అది తెరవగానే పడిపోయేది. దాన్ని బాగుచేయడానికి ఎవరికీ తీరిక లేదు. మధ్యాహ్నమైతే కరెంటు పోయేది. అమ్మ ముందు అన్నం తినమనేది. నేను ఆమె మీద కూడా కేకలేశాను. ఆమె ఏం చేసిందని?

చివరికి అన్నీ పక్కన పెట్టి, ఆరు లైన్ల ప్రోగ్రామ్ రాశాను. అసలు తెరవనే తెరవని ఫైలును మూసెయ్యమని అడగడం. ఏ కెర్నెల్ అయినా కుదరదు అనాలి, అలాంటి ఫైలు లేదన్న తప్పు నంబరు తొమ్మిది ఇవ్వాలి. బాక్సులో నడిపాను. తొమ్మిది వచ్చింది, తప్పుగా కాదు, జవాబుగా. పని అయిపోయింది, జవాబు తొమ్మిది, అని లైబ్రరీ నిక్షేపంగా చెప్పింది.

లైబ్రరీని విప్పి చూశాను. మామూలు ప్రాసెసర్ల మీద పని చెడితే కెర్నెల్ తప్పు నంబరును మైనస్‌గా ఇస్తుంది. మైనస్ కనబడితే చెడిందని లైబ్రరీ పట్టుకుంటుంది. మా ప్రాసెసర్ మీద పద్ధతి వేరు. నంబరు మామూలుగానే ఉంటుంది, చెడిందన్న సంగతి మాత్రం పక్కనే ఇంకో అరలో పెడుతుంది. ఆ అర చూడాలి. ఈ లైబ్రరీలో ఆ భాగం రాసిన మహానుభావుడు వేరే ప్రాసెసర్ ఫైలును మక్కీకి మక్కీ దించి, అరల పేర్లు మాత్రం మార్చాడు. పక్క అర వైపు చూడనే లేదు. కెర్నెల్ ప్రతిసారీ నిజమే చెప్పింది. వినాల్సినవాడు వినలేదు.

ఇప్పుడు వాగు దగ్గరికి రండి. వాన ముదిరితే రేడియో మొరాయిస్తుంది, కెర్నెల్ ఆగి చూస్తుంది. ఈలోగా బాక్సు చచ్చిపోయిందో బతికుందో చూడటానికి నేనే పెట్టిన గడియారం టిక్కుమని మధ్యలో లేపుతుంది. అప్పుడు కెర్నెల్, పని మధ్యలో ఆగింది, మళ్ళీ అడుగు, అంటుంది. ఆ తప్పు నంబరు నాలుగు. మేం పంపే కబురు పొడవు కూడా నాలుగు బైట్లే, అది సరిగ్గా వెళ్తే కెర్నెల్ ఇచ్చే జవాబూ ఆ బైట్ల లెక్కే. నా ప్రోగ్రామ్ జవాబు నాలుగా అని చూస్తుంది. నాలుగే. పచ్చ దీపం. చినుకు లేని రోజున మహా నిజాయితీగా పనిచేసి, వాగు పొంగే పూట మాత్రమే అబద్ధమాడే యంత్రాన్ని తయారుచేసి, కొండ మీద ఒక మనిషి చేతిలో పెట్టి, దీన్ని నమ్ము అని చెప్పాం.

నన్ను నేను వదిలిపెట్టను. రేడియో తీగ పీకేసి, ఎర్ర దీపం వస్తుందో లేదో చూసే పరీక్ష జాబితాలో ఉంది. చేశాను. ఆఫీసు కంప్యూటర్ మీద చేశాను. అక్కడ ఎర్రగానే వచ్చింది. బాక్సులు అప్పటికి అట్టపెట్టెల్లో కట్టేసి ఉన్నాయి, విప్పడం బద్ధకమైంది. రెండు చోట్లా ఒకటే ప్రోగ్రామ్ కదా అనుకుని సంతకం పెట్టాను. వాగు దగ్గర పరీక్షించినప్పుడు కూడా ఎండ కాస్తోంది.

దిద్దుబాటు మూడు లైన్లు. లైబ్రరీ చూసుకునేవాళ్ళకు మెయిల్ పంపాను. ఐదు రోజులకు జవాబొచ్చింది. పట్టుకున్నందుకు సంతోషమట, కానీ ఆ ప్రాసెసర్ వాడేవాళ్ళు దాదాపు ఎవరూ లేరు కాబట్టి వచ్చే విడుదలలో తీరిగ్గా చేరుస్తారట. ఆ జవాబు చదివి నేను కుర్చీ తన్నాను. వాడేవాళ్ళు ఎవరూ లేరంటే, వాగు ఒడ్డున తాడుకు ముడి వేస్తున్న మనిషి ఎవరు? తక్కువమంది ఉన్నచోట అబద్ధం కొన్నాళ్ళు నడిచినా ఫరవాలేదని ఎవరు చెప్పారు వీళ్ళకు?

మా సార్ ఇంకా నయం, తప్పు అర్థం చేసుకున్నాడు. అర్థం చేసుకుని, బాక్సుల్లో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించి మెరుగైన వెర్షన్ అని ఆఫీసుకు రాద్దాం, పాతదాంట్లో లోపమని ఎక్కడా అనొద్దు, అన్నాడు. మరి ఆ మనిషి సంగతేంటి అంటే, వాచ్‌మన్‌లు బోలెడంతమంది దొరుకుతారమ్మా, అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నీ అనేసి ఫోన్ పెట్టేశాను. అయినా రాజీనామా చేయలేదు. అది కూడా చెప్పాలి కదా.

నేను కొండెక్కి మావకు చెప్పాను. తప్పు మీది కాదు, యంత్రానిది, కనిపెట్టాను, అని ఏదో బహుమతి తెచ్చినదానిలా చెప్పాను. ఆయన రాగి అంబలి తాగుతున్నాడు. తాగడం ఆపలేదు.

"అది నాకెందుకు సెప్తావు? నాను పంపినానని నాకు ఎరికే. సంతలో అన్నావు, సంతలో సెప్పు."

అక్కడి పద్ధతి అదే. నలుగురిలో పడిన మాటను ఇంట్లో కూర్చుని చెరపడం కుదరదు. ఎక్కడ అన్నారో అక్కడే, ఆ మనుషుల ముందే, అన్న నోటితోనే వెనక్కి తీసుకోవాలి. చిన్నప్పటి నుంచి చూసినదే. పట్నంలో ఉండి మరిచిపోయాను. ఇంజినీరుకు కూడా రమ్మని కబురు పెట్టాను. పని ఉందన్నాడు.

మరుసటి సంతకు వాగు దగ్గరి పాత బాక్సు, నేను బాగుచేసిన బాక్సు, రెండూ మోసుకెళ్ళి, అదే ఎండుచేపల గంపల పక్కన బల్ల వేసుకున్నాను. జనం మూగారు. కాలు విరిగినామె కూడా వచ్చింది, వెదురు బద్దలు కట్టిన కాలు చాపుకుని మొగుడి సైకిలు వెనక కూర్చుంది. ఇక్కడే నిలబడి బాక్సు బాగుందన్నాను, అది తప్పు, బాక్సు పాడు, ఈయన పంపిన కబురు అది మింగేసింది, అన్నాను. ప్రాసెసర్లు, అరలు ఏవీ చెప్పలేదు. పాత బాక్సు నుంచి రేడియో తీగ పీకి, నా చేత్తో పైకెత్తి పట్టుకున్నాను. నొక్కు మావా అన్నాను.

ఆయన నొక్కాడు. కొన్ని క్షణాలు ఏమీ లేదు. తర్వాత పచ్చ దీపం వెలిగింది. తీగ నా చేతిలోనే ఉంది. బాగుచేసిన బాక్సుకు కూడా తీగ పీకి నొక్కమన్నాను. ఎర్ర దీపం వచ్చింది. మొన్న నవ్వినవాళ్ళలో ఒకడు ముందుకొచ్చి మళ్ళీ నొక్కి చూపించమన్నాడు. నొక్కాడు. పాతది పచ్చ, కొత్తది ఎర్ర.

కాలు విరిగినామె సైకిలు మీద నుంచే అంది: "అయితే ఆ దినం నువ్వు పంపినావు."

"పంపినాను" అన్నాడు మావ.

అంతే. ఆమె తలూపింది. జనం ఎవరి బేరాలకు వాళ్ళు వెళ్ళిపోయారు. మావ తీగను నా చేతిలోంచి తీసుకుని, చుట్ట చుట్టి బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్ళకి ఆ రోజు నాకు మొదటిసారి తిన్నది అరిగింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఇంకో నెలకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సంతలో జరిగింది ఎలాగో ఇంజినీరు చెవిన పడి, పై నుంచి ఎవరో అడిగారట. మావని తిరిగి పనిలోకి తీసుకున్నారు. ఉత్తరం చదివి చెప్పి, వేలిముద్ర వేయించి పంపాలి. చదవమని నా దగ్గరికే తెచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

మా అమ్మ ఇంటి గడప మీద కూర్చుని చదివాను. ఫలానా తేదీ నుంచి, ఫలానా వాగు దగ్గర, అన్నీ మామూలు మాటల్లో చెప్పుకుంటూ వచ్చాను. చివరి లైను దగ్గర ఆగిపోయాను. "గతంలో విధి నిర్వహణలో చూపిన నిర్లక్ష్యం పునరావృతం కారాదన్న హెచ్చరికతో తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది." మూడోసారి చదివినా అదే ఉంది. ఎంతటి నీచులు. ఇవ్వాల్సింది ఇస్తూ కూడా ఆయన మొహాన బురద చల్లకుండా ఉండలేకపోయారు. ఇది చదివితే ఆయన కాగితం అక్కడే పడేసి వెళ్ళిపోతాడు. వేలిముద్ర వేయడు. ఉద్యోగం పోతుంది. వాగు దగ్గరికి ఎవడో కొత్తవాడు వస్తాడు.

"ఇంకేటుంది?" అన్నాడు మావ.

"ఏం లేదు మావా. కింద సంతకం, అంతే."

ఆయన నా మొహం వంక చూశాడు, మీట నొక్కాక బాక్సు మీది దీపం వంక చూసినట్టే. తర్వాత సిరాలో వేలు ముంచి, తను చేయని తప్పు కింద ముద్ర వేశాడు. వేలు చొక్కాకు అంటకుండా తుడుచుకుని, నడుం దగ్గర నుంచి అడ్డనార తాడు తీసి, ఒక ముడి వేశాడు.